గన్నవరం–విశాఖ విమానం: 290 కిలోమీటర్లకు గంటా అయిదు నిమిషాలు ఎందుకు?

ప్రశ్న: ఉయ్యూరు వాసి

పెద్దలందరికీ నమస్కారం. వచ్చే నెల గాజువాకలో మా అక్కయ్య గృహప్రవేశం ఉంది. మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోవడంతో కారులో ఆరేడు గంటలు కూర్చోవడం ఆయన వల్ల కాదు కనుక, గన్నవరం నుంచి విశాఖకు విమానంలో తీసుకువెళదామని అనుకుంటున్నాను. ఇంట్లో ఇంతవరకూ ఎవరమూ విమానం ఎక్కినవాళ్ళం కాము.

వివరాల కోసం వెదకగా మూడు చోట్ల మూడు లెక్కలు కనిపించి అయోమయంలో పడ్డాను. విమానాశ్రయాల మధ్య దూరాలు చూపించే ఒక సైటులో దూరం 290 కి.మీ. అనీ, ప్రయాణ సమయం 52 నిమిషాలనీ ఉంది. టిక్కెట్లు అమ్మే చోట అదే ప్రయాణానికి గంటా అయిదు నిమిషాలని చూపిస్తోంది. విమానాల కదలికలను చూపించే యాప్‌లో నిన్నటి విమానం గాలిలో ఉన్నది 43 నిమిషాలేనని ఉంది. పైగా రోడ్డు మీద విజయవాడ–విశాఖ దూరం 350 కి.మీ. అని చిన్నప్పటినుంచి వింటున్నాను. అరవై కిలోమీటర్లు ఎక్కడికి పోయాయో, ఈ మూడు సమయాల్లో దేనిని నమ్మాలో, మా బావగారిని విమానాశ్రయానికి ఎన్ని గంటలకు రమ్మనాలో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1: లెక్కల మాస్టారు

మీ అరవై కిలోమీటర్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఇది పదో తరగతి పిల్లవాడు గళ్ళ కాగితం మీద చేయగలిగిన లెక్క. గన్నవరం విమానాశ్రయం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సుమారు 111 కి.మీ. చొప్పున ఉత్తరానికి 132 కి.మీ. వస్తాయి. రేఖాంశాల మధ్య దూరం భూమధ్యరేఖ దగ్గర 111 కి.మీ. ఉన్నా, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది. మన 17 డిగ్రీల దగ్గర అది సుమారు 106 కి.మీ. మాత్రమే. ఆ లెక్కన 2.42 డిగ్రీలకు తూర్పుగా 257 కి.మీ. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజానికి భుజాలుగా తీసుకుని కర్ణాన్ని లెక్కగడితే 289 వస్తుంది. దశాంశాలు ఇంకొంచెం జాగ్రత్తగా పట్టుకుంటే సైటులో చూపిన 290కే చేరుతుంది. భూమి గుండ్రంగా ఉంది కదా, ఈ బల్లపరుపు లెక్క చెల్లుతుందా అనే అనుమానం రావచ్చు. హైదరాబాదు నుంచి న్యూయార్కుకు చెల్లదు గానీ, ఇంత చిన్న దూరానికి తేడా లెక్కలోకి రాదు. విమానయానంలో వాడే నాటికల్ మైళ్ళలో ఇది 156 పైచిలుకు. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు, అంటే అక్షాంశంలో డిగ్రీకి అరవయ్యో వంతు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం ఒకటి ఉంది. ఉత్తరాంధ్ర అని పిలుచుకోవడం వల్ల విశాఖ మనకు ఉత్తరాన ఉందనుకుంటాం గానీ, పైన వచ్చిన అంకెలు చూడండి: విశాఖ మనకు ఉత్తరంగా ఉన్నదాని కంటే దాదాపు రెట్టింపు దూరం తూర్పుగా ఉంది. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది ఏలూరు పక్కగా, రాజమహేంద్రవరం మీదుగా, తునిని ఒరుసుకుంటూ పోతుంది. రోడ్డు అలా పోదు. తాడేపల్లిగూడెం దాటాక తణుకు, రావులపాలెం అంటూ దక్షిణానికి దిగి, గోదావరి పాయలను దాటి మళ్ళీ రాజమహేంద్రవరానికి ఎక్కుతుంది. మీ అరవై కిలోమీటర్లలో సగం ఆ వంపుల్లో ఉంది.

మిగిలిన సగం నిజానికి తేడాయే కాదు. మీరు విన్న 350 కి.మీ. ఊరి నుంచి ఊరికి ఉన్న దూరం. గన్నవరం విమానాశ్రయం విజయవాడకు ఇరవై కిలోమీటర్ల అవతల, విశాఖ వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. అటు విశాఖ విమానాశ్రయం కూడా అదే రహదారి మీద, ఊరికి ఇవతలే తగులుతుంది. అంటే కారులో వెళ్ళేవాడు ఈ రెండు విమానాశ్రయాల ముందునుంచే పోతాడు. కనుక విమానాన్ని కారుతో పోల్చేటప్పుడు 350 నుంచి ముప్పై కిలోమీటర్ల దాకా తీసివేసి పోల్చడమే న్యాయం. సమయం సంగతి నా చేతిలోది కాదు, ఆ పనిలో ఉన్నవారెవరైనా చెప్పాలి.

సమాధానం 2: ర్యాంపు మీద ముప్పై ఏళ్ళు

మాస్టారు గారు దూరం తేల్చారు కాబట్టి నేను సమయం గురించి చెబుతాను. విమానాశ్రయంలో గ్రౌండ్ పనుల్లో ఉండి పదవీ విరమణ చేసినవాడిని. ఈ ప్రశ్న నన్ను ప్రయాణికులు అడగని వారం లేదు. మీరు చూసిన మూడు సమయాలూ సరైనవే. అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, అంతే.

ముందు టిక్కెట్టు మీది గంటా అయిదు నిమిషాలు. నిలబడి ఉన్న విమానం జరగకుండా చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెడతారు. మేము వాటిని చాక్స్ అంటాం. వాటిని తీసి విమానం కదిలిన నిమిషం నుంచి అవతలి ఊళ్ళో విమానం ఆగి మళ్ళీ ఆ దిమ్మలు పెట్టే నిమిషం దాకా గల సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టిక్కెట్టు మీద ఉండేది ఇదే. ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే చివరిదాకా నేల మీద నడిచి వెళ్ళడం, ఎదురుగా మరో విమానం దిగుతుంటే ఆగడం, అవతల దిగాక మళ్ళీ పార్కింగు దాకా రావడం అన్నీ ఇందులో భాగాలే. పైగా షెడ్యూలు రాసేవారు కొన్ని నిమిషాలు అదనంగా కలుపుకుంటారు. మన దేశంలో సమయపాలన లెక్కలకు పదిహేను నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా పరిగణించరు. ఆ అవకాశం ఉన్నా, చెప్పిన సమయం కంటే ముందు చేరితే అందరికీ సంతోషమే కదా.

మీ యాప్ చూపించిన 43 నిమిషాలు చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి మళ్ళీ నేలను తాకేవరకు పట్టిన సమయం. ఇక సైటువారి 52 నిమిషాలు ఎవరూ గడియారం పెట్టి చూసినది కాదు. అటువంటి సైట్లు చాలావరకు ఏ రెండు ఊళ్ళకైనా ఒకటే సూత్రం వేస్తాయి: దూరాన్ని గంటకు 800 కి.మీ. వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ కలిపి అరగంట కలుపుతాయి. 290ని 800తో భాగిస్తే దాదాపు 22 నిమిషాలు, దానికి 30 కలిపితే 52. విమానం ఏ రకమో, రన్‌వే ఏ వైపు తిరిగి ఉందో దానికి తెలియదు. ఢిల్లీ వంటి దూరాలకు ఫరవాలేదు గానీ, మన పక్క ఊళ్ళకు ఈ సూత్రం గాలిలో రాయి విసరడమే.

ఇంత చిన్న దూరాల్లో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72, అంటే రెక్కలకు పంకాలున్న విమానం. దాని వేగం గంటకు 510 కి.మీ. అని చెబుతారు. ఆ లెక్కన 34 నిమిషాల్లో చేరిపోవాలి. అయితే ఆ వేగం పైకి ఎక్కి సర్దుకున్నాక వచ్చేది. పైకి ఎక్కేటప్పుడు అది గంటకు 320, 350 కి.మీ. మధ్యలోనే ఉంటుంది. దిగే ముందు కూడా వేగం బాగా తగ్గించుకోవాలి. మరి జెట్ విమానమైతే సగం సమయంలో పోతుందా అంటే పోదు. పదివేల అడుగుల కింద గాలిలో వేగం 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కి.మీ. మించకూడదన్న నిబంధన ఉంది. ఆ పైకి ఎక్కి వేగం అందుకునేసరికి దిగాల్సిన సమయం వచ్చేస్తుంది. మెట్లెక్కి డాబా మీద అడుగు పెట్టగానే ఎవరో కిందనుంచి భోజనానికి పిలిచినట్టు ఉంటుంది దాని పరిస్థితి. అందువల్ల ఈ దారిలో జెట్ మిగిల్చేది మహా అయితే ఏడెనిమిది నిమిషాలు.

ఇక దారి సంగతి. మాస్టారు గారు స్కేలుతో గీసిన గీత మీద విమానం పోదు, ముఖ్యంగా మొదట్లోనూ చివర్లోనూ. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. ఒక కొస మీద 08 అనీ, రెండో కొస మీద 26 అనీ రాసి ఉంటుంది. వాటికి సున్నా చేర్చుకుంటే 80 డిగ్రీలు, 260 డిగ్రీలు. అవి దిక్సూచి మీద దిశలు. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా ఎగురుతుంది, ఎదురుగానే దిగుతుంది. తూర్పుగాలి ఉన్న రోజున 08 మీద ఎగిరితే ముక్కు దాదాపు విశాఖ వైపే ఉంటుంది. కొద్దిగా ఎడమకు తిరిగితే చాలు. నైరుతి రుతుపవనాల్లో పడమటి గాలి కొట్టే రోజున 26 మీద విజయవాడ వైపు ఎగిరి, గుండ్రంగా వెనక్కి తిరిగి అప్పుడు విశాఖ దారి పట్టాలి. అక్కడ రెండు మూడు నిమిషాలు పోతాయి.

విశాఖలో ఇంకో ముచ్చట. అక్కడి ప్రధాన రన్‌వే 10, 28 దిశల్లో ఉంటుంది. తరచుగా విమానాలను సముద్రం వైపు నుంచి పడమటి ముఖంగా 28 మీద దింపుతారు. మనం వచ్చేది నైరుతి నుంచి కాబట్టి, విమానాశ్రయాన్ని పక్కన పెట్టి ముందుకు పోయి, సముద్రం మీద మలుపు తిరిగి, డాల్ఫిన్స్ నోస్ కొండనూ ఓడరేవునూ చూసుకుంటూ వెనక్కి రావాలి. ఊరు వచ్చేసిందని బెల్టు మీద చెయ్యి వేసుకున్న ప్రయాణికుడు కిటికీలోంచి ఉన్నట్టుండి నీళ్ళు చూసి కంగారుపడడం అక్కడ మామూలే. మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. పైగా అది నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరం. వారి విమానాల అభ్యాసాలకు కేటాయించిన వేళల్లో మామూలు విమానాలకు చోటు పరిమితం. ఈ మలుపులన్నీ కలుపుకుంటే 290 కాస్తా 330 కి.మీ. దాకా అవుతుంది. సగటున గంటకు 450 చొప్పున వేసుకోండి, 44 నిమిషాలు వస్తాయి. మీ యాప్ చెప్పిన 43కు ఒక్క నిమిషమే తేడా.

సమాధానం 3: పట్టాల మనిషి

మీరిద్దరూ గాలిలోని నిమిషాలే లెక్కపెట్టారు, ఇంటి గడప నుంచి గడప దాకా లెక్క ఎవరూ వేయలేదు. ఉయ్యూరు నుంచి గన్నవరానికి ముప్పావుగంట నుంచి గంట. కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసివేస్తారు కాబట్టి, మొదటిసారి ప్రయాణమూ మోకాళ్ళ నొప్పులవారూ అంటే రెండు గంటల ముందే అక్కడ ఉండాలి. విమానం గంటా అయిదు నిమిషాలు, సామాను కోసం ఇరవై నిమిషాలు, గాజువాకకు అరగంట. మొత్తం అయిదు గంటలకు అటూ ఇటుగా తేలుతోంది. వందే భారత్ రైలు విజయవాడ నుంచి విశాఖకు నాలుగు గంటల పైచిలుకులో పోతుంది. రత్నాచల్ అయితే ఉదయాన్నే బయలుదేరి, ఆరు గంటలు పట్టినా, విశాఖకు ముందే దువ్వాడలో ఆగుతుంది. దువ్వాడ నుంచి గాజువాక పక్కనే. రైలులో నాన్నగారు లేచి నాలుగడుగులు వేయవచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు. విమానంలో మోకాలు మడిచి కూర్చోవాల్సిందే.

ఉయ్యూరు వాసి

మాస్టారు గారికీ, ర్యాంపు గారికీ, పట్టాల వారికీ కృతజ్ఞతలు. రైలు సలహా సబబుగానే ఉంది గానీ ఉయ్యూరు నుంచి స్టేషనుకు బందరు రోడ్డు మీద వచ్చి బెంజి సర్కిల్ దాటడానికే ఒక్కోసారి అరగంట పడుతుంది. గన్నవరానికైతే కంకిపాడు మీదుగా ఊళ్ళోకి రాకుండానే పోవచ్చు. స్టేషనులో మెట్ల వంతెన ఎక్కడం కూడా నాన్నగారికి కష్టం. విమానం మెట్లు ఎలా ఉంటాయో, మా బావగారు ఎప్పుడు బయలుదేరాలో ఎవరైనా చెప్పగలరా?

సమాధానం 4: గాజువాక నుంచి

మీ అక్కయ్యగారిది మా ఊరే కాబట్టి ఇటువైపు సంగతి నేను చెబుతాను. నేను మా అమ్మగారిని ఈ దారిలోనే రెండుసార్లు తీసుకువచ్చాను. ఏటీఆర్ విమానానికి తలుపు వెనక భాగంలో ఉంటుంది. ఆ తలుపే కిందికి తెరుచుకుని మెట్లుగా మారుతుంది. చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మెట్లే ఉంటాయి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది. పెద్ద జెట్ విమానానికి నిచ్చెన మెట్లు చాలా ఎక్కువ, అయితే దానికి సొరంగంలాంటి వంతెన తగిలిస్తే అసలు మెట్లే ఉండవు. ఏది వస్తుందో టిక్కెట్టు కొనేటప్పుడే విమానం రకం చూస్తే తెలుస్తుంది. ఎలాగైనా సరే, టిక్కెట్టుతోపాటే చక్రాల కుర్చీ కావాలని రాయించండి. మా అమ్మగారు మొదట్లో ‘నాకేం, నడవగలను’ అని మొండికేసి, భద్రతా తనిఖీ వరుస చూసిన తరువాత తానే కుర్చీ అడిగారు.

బావగారి విషయానికి వస్తే, టిక్కెట్టు మీది సమయం చూసి బయలుదేరమనకండి. విమానం గన్నవరంలో పైకి లేచిందని యాప్‌లో కనిపించాక ఇంట్లో కాఫీ తాగి నింపాదిగా బయలుదేరినా సరిపోతుంది. గాలిలో ముప్పావుగంట, సామానుకు ఇరవై నిమిషాలు ఉన్నాయి కదా. సాయంత్రం వేళయితే మాత్రం ఎన్ఏడీ కూడలి వైపు నుంచి వచ్చే రద్దీ గుర్తుంచుకోవాలి.

చలికాలంలో పొద్దుటి విమానం పెట్టుకోకండి. ఒక జనవరి ఉదయాన మేము గన్నవరంలో ఎక్కాల్సిన విమానం పొగమంచులో దిగలేక, పైన చక్కర్లు కొట్టి కొట్టి చివరికి హైదరాబాదుకు మళ్ళిపోయింది. అద్దాల గది లోపల కూర్చున్నవాళ్ళకు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది, విమానం మాత్రం కనిపించలేదు. ఆ రోజు 290 కిలోమీటర్లు వెళ్ళడానికి మాకు తొమ్మిది గంటలు పట్టింది.

ఇంకో మాట. భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి విమానాలు మారిన తరువాత ఈ లెక్కలన్నీ మళ్ళీ వేసుకోవాలి. విశాఖ నుంచి అది సుమారు 45 కి.మీ. దూరం, అదీ విజయనగరం వైపు. విజయవాడ వెళ్ళవలసిన గాజువాకవాడు ముందు ఊరంతా దాటి, ఎదురు దిక్కుగా గంటన్నర పోయి, అక్కడ విమానమెక్కి మళ్ళీ మా ఇంటి మీదుగానే వెనక్కి ఎగరాలన్నమాట. ఢిల్లీ, ముంబయి వెళ్ళేవారికి కొత్త విమానాశ్రయం వరం కావచ్చు. గన్నవరం దాకా పోయేవాడికి మాత్రం అప్పుడు పట్టాలవారి రైలే గతి.

లెక్కల మాస్టారు

చివరి మాట నిజమే. పటం చూసి లెక్కవేశాను, గన్నవరం నుంచి భోగాపురానికి నేరుగా దూరం సుమారు 330 కి.మీ. వస్తోంది. గాలిలో పెరిగేది నాలుగైదు నిమిషాలే. నేల మీద పెరిగేది గంట.

ఉయ్యూరు వాసి

అందరికీ నమస్కారం. ముందురోజు మధ్యాహ్నం విమానానికి, ఏటీఆర్‌లో, చక్రాల కుర్చీతో సహా నాలుగు టిక్కెట్లు తీసుకున్నాను. తిరుగు ప్రయాణానికి దువ్వాడలో రత్నాచల్ ఎక్కుతాము, నాన్నగారికి రెండూ చూసినట్టు ఉంటుంది. సముద్రం మీద మలుపు గురించి చెప్పగానే ఆయన భయపడతారనుకుంటే, ‘అయితే గోదావరి కూడా కనపడాలే, ఏ పక్క కూర్చోవాలో కనుక్కో’ అన్నారు. ఆ ఒక్కటీ చెప్పగలరా?

లెక్కల మాస్టారు

కుడివైపు. గీత రాజమహేంద్రవరం మీదుగా పోతుంది కాబట్టి, దానికి దక్షిణాన ఉన్న ధవళేశ్వరం ఆనకట్ట కుడివైపు కిటికీలోకే రావాలి.

ర్యాంపు మీద ముప్పై ఏళ్ళు

మాస్టారు గారి జవాబుకు ఒక సవరణ. కుడివైపే, కానీ ముందు వరుసల మధ్యలో వద్దు. ఏటీఆర్ రెక్క కిటికీలకు పైన ఉండడం వల్ల కిందికి చూడడానికి అడ్డం రాదు గానీ, ఇంజను పక్కన కూర్చుంటే పంకా తప్ప మరేమీ కనపడదు. వెనక వరుసల్లో తీసుకోండి, తలుపు కూడా దగ్గరే. పైకి లేచిన ఇరవై నిమిషాలకు అటూ ఇటుగా కిందికి చూడమనండి.